పేరు మారినను దారి తప్పరాదు: సాఫ్ట్‌వేరు సహాయపత్రములలోని లింకులపై విమర్శ

పాఠ్యపుస్తకములో "వివరములకు 42వ పుట చూడుము" అని వ్రాసి యున్నచో విద్యార్థి ఆ పుట త్రిప్పును. అక్కడ వేరొక విషయ మున్నచో అచ్చుతప్పు అనుకొని విషయసూచికను వెదకును. పుస్తకము చేతిలోనే యున్నది కనుక నష్టము స్వల్పము. కంప్యూటరు తెరపై చదువు పత్రములలో "చూడుము" అను మాటకు బదులు లింకు ఉండును. దానిని నొక్కినంతనే వేరొక పేజీ తెరచుకొనవలెను. ఆ పేజీ లేనిచో "404" అను సంఖ్య మాత్రమే కనిపించును. అప్పుడు త్రిప్పి చూచుటకు చేతిలో పుస్తకము లేదు.

ఒక సాఫ్ట్‌వేరును ఎట్లు వాడవలెనో, చిక్కు వచ్చినప్పుడు ఏమి చేయవలెనో తెలుపు రచనలను సహాయపత్రములు అందురు. ఇవి కథవలె మొదటినుండి చివరవరకు చదువబడునవి కావు. అవసరమైన చోట తెరచి, అక్కడినుండి లింకుల వెంట పోవుచు చదువుదురు. కావున సహాయపత్రమునకు లింకులు అలంకారములు కావు. అవియే దాని అన్వయము. లింకులు పొసగనిచో ఒక్కొక్క పేజీ ఎంత బాగుగా వ్రాసినను మొత్తము నిరుపయోగమగును.

ఈ జబ్బు ఎంత వ్యాపించినదో తెలుపు పరిశీలన ఒకటి 2024లో వెలువడినది. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రము లెక్క ప్రకారము, 2013లో ఉన్న వెబ్ పేజీలలో నూటికి 38 వంతులు పదేండ్ల తరువాత దొరకలేదు. ఆంగ్ల వికీపీడియాలో పరిశీలించిన పేజీలలో నూటికి 54 పేజీల ఆధారముల జాబితాలో కనీసము ఒక లింకు తెగిపోయి యున్నది. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ విషయమును గూర్చి హెచ్చరించెను. చిరునామాలు తమంతట తాము మారవనియు, వానిని మనుష్యులే మార్చుచున్నారనియు ఆయన వాదము.

తెగిన లింకు దోషమే గాని, అది దోషములలో చిన్నది. తెగిన లింకు తాను తెగితినని చెప్పును. తప్పు చోటికి పోవు లింకు ఆ మాట చెప్పదు. అది పాఠకుని వేరొక పేజీకి చేర్చి, అదే సరియైన దని నమ్మించును. ఒకే వస్తువునకు ఒకచోట ఒక పేరుతోను, మరియొకచోట మరియొక పేరుతోను లింకు లిచ్చుట ఈ పెద్ద దోషమునకు మూలము.

పరీక్షాస్థలము

దీనిని పరీక్షించుటకు దూరము పోనక్కరలేదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతములలో పత్తియు మిరపయు పండు మైదానములోని పేర్లే చాలును. ఈ పేర్లతో తెలుగు వికీపీడియాలో వ్యాసము వ్రాయు విద్యార్థికి ఈ చిక్కు మొదటి గంటలోనే ఎదురగును. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైనది. దానిని నడుపు సాఫ్ట్‌వేరు పేరు మీడియావికీ. ఆ సాఫ్ట్‌వేరు తన సహాయపత్రములను కూడ తానే మోయుచున్నది. కావున లింకుల విషయమున ఒకదాని గుణదోషములు రెండవదానికిని వర్తించును.

మీడియావికీలో లింకు ఇచ్చుట మిక్కిలి సులభము. ఒక మాటకు ఇరువైపుల రెండేసి చదరపు కుండలీకరణము లుంచినచో అది లింకగును. ఆ పేరుతో పేజీ ఉన్నచో నీలముగను, లేనిచో ఎర్రగను కనిపించును. ఇందులో పేజీ పేరే దాని చిరునామా. ఈ ఏర్పాటు వలననే కంప్యూటరు శాస్త్రము చదువని వారు కూడ వేలకొలది వ్యాసములు వ్రాయగలిగిరి. ఇది మెచ్చదగిన గుణము. అయితే పేరే చిరునామా యగుటచే పేరులోని ప్రతి చాపల్యమును చిరునామాకు సంక్రమించును.

ఒకే వస్తువు, పలు పేర్లు

"పత్తి" అనుటయు కలదు, "ప్రత్తి" అనుటయు కలదు. రైతునకు రెండును ఒకటే. కంప్యూటరునకు అవి రెండు వేరు చిరునామాలు. చిలకలూరిపేటను చిలుకలూరిపేట అనియు, నరసరావుపేటను నర్సరావుపేట అనియు, పర్చూరును పరుచూరు అనియు వ్రాయుదురు. గుంటూరు దగ్గరనున్న లాం పరిశోధన కేంద్రము నుండి వచ్చిన "జి-4" మిరప రకమునకే "భాగ్యలక్ష్మి" అని పేరు. ఒక వ్యాసము మొదటి పేరునకును, వేరొక వ్యాసము రెండవ పేరునకును లింకు ఇచ్చినచో, ఒకే పంటకు రెండు అసంపూర్ణమైన పేజీలు పుట్టును. దిగుబడి ఒకదానిలోను తెగుళ్లు మరియొకదానిలోను ఉండును. రెండింటిని చూచువాడు ఎవడును ఉండడు.

ఇవి కంటికి కనిపించు భేదములు. కనిపించని భేదములును కలవు. కంప్యూటరు తెలుగు అక్షరములను చూడదు. యూనికోడ్ పద్ధతిలో వానికిచ్చిన సంఖ్యలను చూచును. "పైరు" అను మాటలోని ఐత్వమును 3144 అను ఒకే సంఖ్యతో వ్రాయవచ్చును. 3142, 3158 అను రెండు సంఖ్యలను చేర్చియు వ్రాయవచ్చును. ఈ రెండును సమానములని యూనికోడ్ నియమము. ఆ నియమమును పాటించి మీడియావికీ రెండింటిని ఒకే రూపమునకు తెచ్చును. ఇంతవరకు క్షేమమే.

"సాఫ్ట్‌వేర్" అను మాటలో మరియొక చిక్కు ఉన్నది. "ట్" తరువాతి "వే" ఒత్తుగా మారిపోకుండ నడుమ 8204 సంఖ్య గల అదృశ్యమైన గుర్తు నొకదానిని ఉంచుదురు. దానిని ఉంచని యెడల "సాఫ్ట్వేర్" అని పడును. ఇదే గుర్తు ఒక్కొక్కప్పుడు పొల్లుతో ముగియు మాటకు చివరకూడ చేరును. అప్పుడు ఆ గుర్తు ఉన్న మాటయు లేని మాటయు తెరపై అచ్చముగా ఒకే విధముగా కనిపించును. అయినను యంత్రమునకు అవి వేరు మాటలు. పైన చెప్పిన సమానతా నియమము ఈ గుర్తునకు వర్తించదు. పేజీ ఉన్నదని స్పష్టముగా తెలిసియు లింకు ఎర్రగా కనిపించినప్పుడు విద్యార్థి తన కన్నులను గాక ఈ గుర్తును అనుమానించవలెను.

ఒకే పేరు, పలు వస్తువులు

దీనికి విపర్యయముగా నున్న దోషము మరింత ప్రమాదకరము. గుంటూరు జిల్లాలో ప్రత్తిపాడు అను మండల కేంద్రము కలదు. 2022కు పూర్వము తూర్పుగోదావరి జిల్లాలో నుండి, తరువాత కాకినాడ జిల్లాలో చేరిన ప్రత్తిపాడు మరియొకటి. రెండును శాసనసభా నియోజకవర్గములే. అమరావతి అన్నచో స్తూపమున్న ప్రాచీన క్షేత్రమా, రాజధాని ప్రాంతమా, మహారాష్ట్రలోని పట్టణమా అను ప్రశ్న పుట్టును. లాం వారి "జి-5" మిరప రకమునకు "ఆంధ్రజ్యోతి" అని పేరు. ఆ పేరుతోనే 1960లో ఒక దినపత్రిక వెలసినది. మిరప వ్యాసములో "ఆంధ్రజ్యోతి" అని లింకు ఇచ్చినవాడు పాఠకుని చేనికి గాక పత్రికా కార్యాలయమునకు పంపు అవకాశము కలదు.

ఇచ్చట మీడియావికీ రంగుల పద్ధతి విఫలమగును. పేజీ ఉన్నదా లేదా అని మాత్రమే ఎరుపు నీలములు చెప్పగలవు. అది సరియైన పేజీయా కాదా అని చెప్పజాలవు. లింకులను సరిచూచు యంత్రములన్నిటికిని ఈ పరిమితి కలదు. ఎర్ర లింకు ఒక్కటియు లేదని సంతోషించు రచయిత సగము పని మాత్రమే చేసినవాడు.

ఒకే పేరు గల వస్తువులను వేరుచేయుటకు తెలుగు వికీపీడియాలో "అయోమయ నివృత్తి" పేజీలు కలవు. ఒక పేరునకు గల అర్థములన్నిటిని అక్కడ జాబితాగా ఇత్తురు. ఏర్పాటు మంచిదే. కాని లింకు ఇచ్చువాడు తన కేది కావలెనో ఎరిగి యుండియు, పాఠకుని ఆ జాబితావద్ద దించి పోవుట న్యాయము కాదు. నాలుగు రోడ్ల కూడలిలో దారి అడిగినవానికి నాలుగు ఊళ్ల పేర్లు చదివి వినిపించినట్లుండును.

మూకుమ్మడి మార్పు

అసంగతములైన లింకులను సరిచేయవలెనన్నప్పుడు తొలుత తోచు ఉపాయము, ఒక మాట ఉన్నచోట్ల నెల్ల వేరొక మాట ఉంచుమని యంత్రమును ఆజ్ఞాపించుట. పని క్షణములో ముగియును. ఈ విమర్శ ప్రధానముగ దీనిపైననే.

"పత్తి" అని ఉన్నచోట్ల నెల్ల "ప్రత్తి" అని మార్పించినచో ఏమగును? యంత్రము అర్థము నెరుగదు. అక్షరముల వరుసను మాత్రమే వెదకును. "ఉత్పత్తి" అను మాట చివర ఆ వరుస ఉన్నది. కావున అది "ఉత్ప్రత్తి" అగును. "సంపత్తి" చెడి "సంప్రత్తి" అగును. సరే యని "ప్రత్తి"ని "పత్తి"గా మార్పించినచో ప్రత్తిపాడు తన పేరు పోగొట్టుకొని "పత్తిపాడు" అగును. ఆ పేరుతో పేజీ లేనిచో దానికున్న లింకులన్నియు ఒక్కసారిగా తెగును. ఒక తప్పును దిద్దబోయి నూరు తప్పులు చేయుట యిదే.

అక్షరముల తప్పు కంటె చరిత్ర తప్పు పెద్దది. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము ఏర్పడిన గుంటూరు జిల్లాలో చేరెను. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడెను. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టిరి. ఊరు కదలలేదు, జిల్లా పేరు మాత్రము మూడుమార్లు మారెను. "1950లో గుంటూరు జిల్లాలోని ఒంగోలు" అను వాక్యము సరియైనదే. దానిలో ఒంగోలు నేటి జిల్లాను మూకుమ్మడిగా చొప్పించినచో, పుట్టని జిల్లాలో ఊరు ఉన్నట్లగును. ప్రకాశం పంతులు 1872లో వినోదరాయునిపాలెములో జన్మించిరి. ఆయన "ప్రకాశం జిల్లాలో జన్మించెను" అని వ్రాసి వదలినచో, సరిగా నూరేండ్ల తరువాత తన పేరు పెట్టబోవు జిల్లాలో ఆయన పుట్టినట్లగును.

2022 ఏప్రిల్ 4న మరల ఇట్టి మార్పు జరిగినది. గుంటూరు జిల్లా నుండి పల్నాడు వేరై, నరసరావుపేట దానికి కేంద్రమైనది. గుంటూరు, ప్రకాశం జిల్లాల భాగములతో బాపట్ల జిల్లా ఏర్పడగా, చీరాల అందులో చేరినది. ఒక్కదినమున వందలకొలది గ్రామముల జిల్లా పేరు మారినది. ప్రతి వాక్యములోను "ఇది నేటి స్థితిని చెప్పుచున్నదా, నాటి స్థితిని చెప్పుచున్నదా" అని మనిషి చూడవలెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మూకుమ్మడి ఆజ్ఞ లేదు.

సాఫ్ట్‌వేరు సహాయపత్రములకు ఇది అక్షరాల వర్తించును. ఒక సాఫ్ట్‌వేరు మూడవ ప్రతిలో ఒక మీట పేరు "అమరికలు" అని యుండి, నాలుగవ ప్రతిలో "అభిరుచులు" అని మారినదనుకొనుడు. పాత ప్రతి పత్రములలో కూడ క్రొత్త పేరును చొప్పించినచో, పాత కంప్యూటరు గల పాఠశాలలో విద్యార్థి తెరపై లేని మీటకై వెదకుచు కూర్చుండును.

దారిమార్పు

రెండవ ఉపాయము దారిమార్పు. ఇల్లు మారినవాడు తపాలా కచేరిలో క్రొత్త చిరునామా ఇచ్చి పోయినట్లు, పాత పేరు వద్ద క్రొత్త పేరు సూచించు గుర్తు నుంచుదురు. "ప్రత్తి" అని నొక్కినవాడు "పత్తి" పేజీకి చేరును. వెబ్‌లో దీనికి "301" అను సంకేతము కలదు. శాశ్వతముగ మారినదని దాని భావము. మూకుమ్మడి మార్పు కంటె ఇది చాల మేలైనది. పాత చిరునామాను ఎక్కడెక్కడ ఎవరెవరు వ్రాసికొనిరో తెలియదు గనుక, దానిని చంపక నిలుపుట ధర్మము.

అయినను దారిమార్పు మందు గాని ఆహారము కాదు. ఒక దారిమార్పు మరియొక దారిమార్పునకు చూపినచో మీడియావికీ మామూలుగా మొదటి మలుపు వరకే పోయి ఆగును. కావున పేరు మారినప్పుడెల్ల పాత దారిమార్పులను గూడ తిరిగి చూడవలెను. ఇంకొక లోపము, అది రచయితల అజాగ్రత్తను కప్పిపుచ్చును. ఎట్లు వ్రాసినను చేరవలసిన చోటికే చేరుచున్నప్పుడు, ఏ పేరు ప్రధానమో తేల్చుకొను శ్రమ ఎవరును తీసికొనరు. పుస్తకమంతట ఒకే పేరు కనిపించవలెనను నియమము సడలును.

అనువాదములో తెగు లింకులు

తెలుగు పాఠకునికి ప్రత్యేకముగ తగులు దెబ్బ ఒకటి కలదు. పొడవైన సహాయపత్రములో ఒక శీర్షికవద్దకే నేరుగా పోవునట్లు లింకు ఇయ్యవచ్చును. మీడియావికీ ఆ శీర్షికనే గురుతుగా తీసికొనును. పత్రమును తెలుగులోనికి అనువదించినప్పుడు శీర్షిక తెలుగగును. గురుతును దానితో మారును. ఆంగ్ల శీర్షికను నమ్ముకొన్న లింకులు పేజీ మొదటికే చేర్చి ఊరకుండును. పాఠకుడు ముప్పది పేరాలలో తనకు కావలసిన దానిని వెదకుకొనవలెను. తెగినట్లు కనిపించదు గనుక ఈ దోషము నెవరును దిద్దరు.

దీనికి మందు కలదు. శీర్షిక ప్రక్కన అనువాదకుడు ముట్టని స్థిరమైన గురుతు నొకదానిని ఉంచి, లింకును దానికే ఇయ్యవలెను. అట్లే పాఠకుని భాషలో పేజీ ఉన్నచో దానికిని, లేనిచో మూలమునకును పంపు ప్రత్యేకమైన లింకు పద్ధతియు మీడియావికీ సహాయపత్రములలో కలదు. ఈ రెండు సాధనములును కొనియాడదగినవి. కాని రచయిత మరువకుండ వాడిననే వానివలన ఫలము. ఒక పేరాలో ఈ పద్ధతిని, తరువాతి పేరాలో మామూలు లింకును వాడినచో, తెలుగులో చదువుచున్న బాలుడు ఒక నొక్కుతో తెలుగునకును, మరియొక నొక్కుతో ఆంగ్లమునకును విసరివేయబడును.

మూలమున ఉండవలసినది

గ్రామములో పొలమునకు ఎన్ని పేర్లైనను ఉండవచ్చును. తాతనాడు చెరువు క్రింది చేను, తండ్రినాడు వేపచెట్టు చేను, అమ్మిన తరువాత కొన్నవాని పేరిటి చేను. దస్తావేజులో మాత్రము సర్వే నంబరు ఉండును. అన్నదమ్ములు పంచుకొన్నచో ఆ నంబరునకే ఉపవిభాగములు చేరును. 2020 చివర ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో భూములకు క్రొత్తగా ఎల్‌.పి.ఎం. నంబర్లు ఇచ్చినప్పుడును, పాత నంబరు ఏ క్రొత్త నంబరునకు సరిపోవునో తెలుపు పట్టిక అవసరమైనది. పేరు పలుకుటకు, నంబరు గుర్తించుటకు. రెండింటి పని వేరు.

సహాయపత్రములకును ఇదే సూత్రము కావలెను. 2012లో మొదలైన వికీడేటాలో ప్రతి విషయమునకు ఏ భాషకును చెందని ఒక సంఖ్య ఇత్తురు. దాని క్రింద ఎన్ని పేర్లైనను చేర్చవచ్చును. ఒక ఊరు ఏ జిల్లాలో ఏ సంవత్సరము నుండి ఏ సంవత్సరము వరకు నుండెనో కాలపరిమితితో నమోదు చేయవచ్చును. ఒంగోలు చరిత్రకు కావలసినది సరిగా ఇదియే. అయితే పాఠకునికి సంఖ్యను చూపి ఊరకుండరాదు. సంఖ్య లోపల నుండవలెను. తెరపై తెలుగు పేరే కనిపించవలెను. "ఇక్కడ నొక్కుడు" అని గాక "మిరప తెగుళ్లు" అని వ్రాసినచో, నొక్కకముందే చేరబోవు చోటు తెలియును. తప్పు చోటు చేరినచో ఆ తప్పును తెలియును.

తీర్పు

దీనినిబట్టి లింకులను సరిచేయుట అనగా మాటలన్నిటిని ఒకే రూపమునకు తెచ్చుట కాదని తేలుచున్నది. వస్తువు ఒకటైనప్పుడు గుర్తు ఒకటి కావలెను. వస్తువులు వేరైనప్పుడు గుర్తులు వేరు కావలెను. కాలము వేరైనప్పుడు నాటి పేరు నాటిదిగా నిలువవలెను. తెగిన లింకులను యంత్రము పట్టగలదు. తప్పు లింకులను ఆ విషయ మెరిగిన మనిషి మాత్రమే పట్టగలడు. రెండు ప్రత్తిపాడులకు గల భేదము కంప్యూటరు నిపుణుని కంటె గుంటూరు జిల్లా బడిపిల్లవానికి బాగుగా తెలియును.

కావున ఈ పని ఉన్నత పాఠశాలలకు అందని పని కాదు. ఉపాధ్యాయుడు తరగతికి తమ మండలమును గూర్చిన ఒక పేజీని గాని, పాఠశాలలో వాడు సాఫ్ట్‌వేరు సహాయపత్రమును గాని ఇచ్చి, పది లింకులను పరీక్షింప చెప్పవచ్చును. కాగితముపై మూడు గడులు గీసి, మొదటిదానిలో లింకు మాట, రెండవదానిలో చేరవలసిన చోటు, మూడవదానిలో చేరిన చోటు వ్రాయించవలెను. రెండవ గడిని నొక్కుటకు ముందే నింపవలెను. లేనిచో చేరిన చోటే సరియైన దనిపించును. రెండు మూడు గడులు ఏకీభవించని చోట దోష మున్నది. అది పేరు తప్పా, వస్తువు తప్పా, కాలము తప్పా అని చర్చించుట మంచి తర్కపాఠము కూడ అగును.

ఆంగ్లము బాగుగా వచ్చినవాడు తెలుగు లింకు రెండుమార్లు మోసగించినచో మూడవమారు ఆంగ్ల పేజీకి పోవును. అతనికి నష్టము లేదు. ఆంగ్లము రాని విద్యార్థికి పోవుటకు వేరొక పేజీ లేదు. అతడు కంప్యూటరును మూసి, తనకు అర్థము కాలేదని తలచును. లోపము అతని బుద్ధిలో లేదు, లింకులో ఉన్నది. అది లింకును వ్రాసినవానికి తెలియవలెను.